తెగిన పోగు, తట్టిన తలపు

(జాలహళ్ళిలో జరిగిన మిల్లు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మాట్లాడుకునే విషయాలు మీకు తెలిసినవే. కూలి రేట్లు, కరువు భత్యం, బోనసు, బదిలీ కార్మికుల పర్మినెంటు, పి.ఎఫ్. బకాయిలు. ఇవాళ కార్యదర్శిగారు నన్ను వేరే విషయం మీద మాట్లాడమన్నారు. దానికి కారణం కిందటి సమావేశం అయ్యాక ఒక కుర్ర కార్మికుడు వేసిన ప్రశ్న. "అన్నా, జీతం పెరిగితే ఇల్లు గడుస్తుంది. సరే. కానీ రోజుకు ఎనిమిది గంటలు తెగిన పోగులు అతుకుతున్నాను. ఇంకో ఇరవై ఏళ్ళు ఇదే అతుకుతాను. ఈ బతుకులో నాదంటూ ఏముంది?" అని అడిగాడు.

మన డిమాండ్ల పత్రంలో ఈ ప్రశ్నకు చోటు లేదు. అయినా ఇది కార్మికుడి ప్రశ్నే. దీనికి సంఘం జవాబు వెతకకపోతే సారా దుకాణం వెతికి పెడుతుంది, మట్కా చీటీ వెతికి పెడుతుంది. అందుకే నాకు తోచినంతలో నాలుగు మాటలు చెబుతాను.

మిత్రులారా, మిల్లులో మన చేతులు యాజమాన్యానికి అమ్ముకున్నాం. మనసును అమ్మలేదు. చేతులు అలవాటు మీద పనిచేస్తుంటే మనసు తన దారిన తాను తిరుగుతుంది. ఇంటి అప్పు గుర్తొస్తుంది, పిల్లల చదువు గుర్తొస్తుంది. ఆ నడుమ ఒక్కోసారి మెరుపులా ఒక తలపు తడుతుంది. "ఈ గైడు ఇంకో అంగుళం కిందికి ఉంటే ఇన్ని పోగులు తెగవు కదా" అనిపిస్తుంది. లేదా ఒక పాటకు పల్లవి తోస్తుంది. షిఫ్టు దిగి, చెయ్యి కడుక్కుని, సైకిలెక్కే సరికి అది పోతుంది.

రింగ్ ఫ్రేము మీద పనిచేసేవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. పోగు తెగగానే అతికితే అది నూలవుతుంది. ఆలస్యమైతే కింది గొట్టం పీల్చేసుకుంటుంది, వేస్టు కింద జమ అవుతుంది. తలపు కూడా అంతే. అది ఎవరికి తట్టదు? చదువుకున్నవాడికే తడుతుందనేది అబద్ధం. అందరికీ తడుతుంది. అతికేవారు కొందరే.

ఈ మాట మన ప్రాంతానికి కొత్త కాదు. ఇక్కడి నుంచి కృష్ణ దాటితే సురపురం తాలూకా. ఆ తాలూకాలోని ముదనూరు జేడర దాసిమయ్య ఊరు. బసవణ్ణ కంటే ముందువాడు. జేడరంటే నేతగాడు. ఆయన చెప్పిన వచనాలు నూట యాభైకి పైగా ఈనాటికీ నిలిచి ఉన్నాయి. అవి పెద్ద కావ్యాలు కావు, నాలుగైదు పంక్తుల చిన్న మాటలు. పడుగు సరిచేస్తూ, మగ్గం ముందు కూర్చున్నవాడికి తట్టగల కొలతలోనే ఉంటాయి. మగ్గం పనిముట్లతోనే చెప్పిన వచనం కూడా ఉంది. రాజాస్థానం లేదు, తీరిక లేదు. పని మధ్య తట్టినదాన్ని పని భాషలోనే పట్టుకున్నాడు. దాదాపు వెయ్యేళ్ళయినా ఆ పోగు తెగలేదు.

మన రాయచూరు జిల్లాలోనే లింగసుగూరు తాలూకా అమరేశ్వరం ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల ఊరు. ఆయ్దక్కి అంటే ఏరిన బియ్యం. కల్యాణంలో శరణుల వాకిళ్ళలో రాలిన గింజలు ఏరుకుని బతకడం వాళ్ళ కాయకం. ఇద్దరూ వచనాలు చెప్పారు. ఒకరోజు మారయ్య అవసరానికి మించి బియ్యం తెస్తే, ఈ ఆశ మనకెందుకు, తిరిగి పోసి రమ్మని లక్కమ్మ చెప్పిందని కథ. ఆ దంపతుల కథలో నాకు రెండు పాఠాలు కనిపిస్తాయి. రాలిన గింజను చిన్నదని వదలకూడదు. ఏరినదాన్ని మూట కట్టి దాచుకోకూడదు. తలపుల విషయంలోనూ ఇవే రెండు సూత్రాలు.

ఇక మన కాలానికి వద్దాం. పాత నల్లగొండ జిల్లాలో, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలో, ఆలేరు దగ్గర శారాజీపేట అనే ఊరుంది. చింతకింది మల్లేశం గారిది ఆ ఊరు. చేనేత కుటుంబం. ఆరో తరగతితో బడి మానేశారు. తల్లి లక్ష్మమ్మ ఆసు పోసేది. పోచంపల్లి రకం పట్టుచీరలో పోగు మీదే రంగులు ఎక్కిస్తారు. అందుకు ముందుగా దారాన్ని అర్ధచంద్రాకారంలో నాటిన చీలల చుట్టూ చేత్తో పోయాలి. మీటరు మేర చెయ్యి పైకీ కిందికీ ఆడాలి. ఒక్క చీరకు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. చెయ్యి ఒక్కొక్కసారి ఒక్క మీటరే కదిలిందనుకున్నా 18 కిలోమీటర్లు. కాళ్ళు కాదు, భుజం నడిచిన దూరమది. ఎన్నో ఇళ్ళలో ఈ పని ఆడవాళ్ళదే. భుజాలు, మోచేతులు పట్టేసి ఇక నావల్ల కాదని వాళ్ళంటే ఆ ఇంట్లో ఆ రకం నేత ఆగిపోయినట్టే.

అమ్మ నొప్పి చూసి, ఈ పని యంత్రంతో ఎందుకు కాకూడదని మల్లేశం అనుకున్నారు. 1992లో మొదలుపెట్టారు. ఇంజనీరింగు తెలియదు, డబ్బు లేదు. కొంత భాగం చేయడం, కూలి డబ్బు కూడేదాకా ఆగడం, మళ్ళీ కొంత చేయడం. అప్పులయ్యాయి. ఊళ్ళో నవ్వారు. యంత్రంలో ఒక కదలిక మాత్రం ఎంతకూ కుదరలేదు. బతుకుతెరువుకు హైదరాబాదు వచ్చి పనిలో చేరారు. 1999లో బాలానగర్‌లో ఒక కార్ఖానాకు పని మీద వెళ్ళినప్పుడు అక్కడ తిరుగుతున్న ఒక యంత్రం కదలిక కంటపడింది. తనకు కుదరనిది అదేనని తట్టింది. ఆలస్యం చెయ్యలేదు. ఆ ఏడే యంత్రం పూర్తయింది. నాలుగు నుంచి ఆరు గంటలు పట్టే ఆసు గంటన్నరకు దిగింది. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

పద్మశ్రీ సంగతి పక్కన పెట్టండి. బాలానగర్‌లో ఆ యంత్రాన్ని అంతకు ముందు ఎందరో చూసి ఉంటారు. వాళ్ళకది ఒట్టి యంత్రం. ఆయనకది అమ్మ భుజం నొప్పికి మందు. తలపు తట్టింది ఒక్క క్షణంలోనే. కానీ ఆ క్షణానికి వెనక ఏడేళ్ళు గుండెలో మోసిన ప్రశ్న ఉంది. తలపు ఎక్కడినుంచో ఊడిపడదు. ఒకరి బాధను మనదిగా మోస్తున్నప్పుడు అది మన గుమ్మం వెతుక్కుంటూ వస్తుంది.

కుర్ర తమ్ముడి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇక్కడే ఉంది. బతుక్కి అర్థం ఒంటరిగా కూర్చుని వెతికితే దొరికే వస్తువు కాదు. నీకు తట్టినదానితో ఇంకొకరి బరువు వీసమెత్తు తగ్గితే, ఆ తగ్గిన బరువే నీది. దాన్ని ఏ యాజమాన్యమూ నీ జీతంలోంచి కోయలేదు.

తలపంటే యంత్రమే కానక్కర్లేదు. నేను కోను వైండింగులో ఉన్నప్పుడు మాతో ఒక అక్క పనిచేసేది. చిరిగి పక్కన పడేసిన పేపరు కోనుల లోపల సుద్దముక్కతో ఒక్కొక్క మాట రాసి పెట్టుకునేది. సూపర్‌వైజరు చూసి "వేస్టు మీద వేస్టు రాతలు" అన్నాడు. ఆ కోనుల్లోని మాటలన్నీ కూర్చి ఆమె కట్టిన పాటను మే డే నాడు గేటు ముందు మూడు వందల మంది పాడారు. పాడుతున్న ఆడవాళ్ళ ముఖాల్లో కనిపించిన వెలుగు నాకు ఇప్పటికీ గుర్తే.

బొంబాయి మిల్లు ప్రాంతం నుంచి వచ్చిన నారాయణ్ సుర్వే సంగతి కూడా చెప్పాలి. వీధిలో దొరికిన పసికందును గంగారాం సుర్వే అనే మిల్లు కార్మికుడు తెచ్చి పెంచుకున్నాడు. ఆ పిల్లవాడు మిల్లులో పనిచేశాడు, బడిలో బంట్రోతుగా పనిచేశాడు, మరాఠీలో గొప్ప కవి అయ్యాడు. 1966లో వచ్చిన ఆయన పుస్తకం పేరుకు అర్థం 'నా విశ్వవిద్యాలయం'. ఆయనకు విశ్వవిద్యాలయమంటే కార్మికవాడే.

అయితే కామ్రేడ్స్, ఇక్కడొక హెచ్చరిక. "తలపులు రానివ్వండి, బతుకు బాగుపడుతుంది" అని చెప్పి చేతులు దులుపుకుంటే అది మోసమవుతుంది. తలపు ఎవరిదన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, దాని ఫలం ఎవరు తింటారన్నది అంతకంటే ముఖ్యం.

ఇంగ్లండులో శామ్యూల్ క్రాంప్టన్ అనే నూలు వడికే కార్మికుడుండేవాడు. నూలు మాటిమాటికీ తెగుతుంటే విసిగి, 1779లో మ్యూల్ అనే యంత్రం చేశాడు. పనిముట్లు కొనడానికి రాత్రిళ్ళు నాటకశాలలో ఫిడేలు వాయించి డబ్బు కూడబెట్టాడు. మిల్లు యజమానులు చందాలు వేసి ఇస్తామని మాటిస్తే నమ్మి, పేటెంటు లేకుండానే యంత్రాన్ని వాళ్ళ ముందు పెట్టాడు. చేతికొచ్చింది సుమారు 60 పౌన్లు. 1811లో ఆయనే తిరిగి లెక్క తీస్తే, ఆ పద్ధతి మీద నలభై లక్షలకు పైగా కదుళ్ళు తిరుగుతున్నాయి. ఆ మరుసటి ఏడు పార్లమెంటు 5,000 పౌన్లు ఇచ్చి చేతులు దులుపుకుంది. 1827లో పేదవాడిగానే పోయాడు.

రెండో వైపు కూడా చూడాలి. ఆయన కంటే ముందు జేమ్స్ హార్‌గ్రీవ్స్ అనే నేతగాడు ఒకేసారి ఎన్నో పోగులు వడికే జెన్నీ చేస్తే, 1768లో తోటి కార్మికులే వచ్చి పగలగొట్టారు. వాళ్ళు మూర్ఖులు కారు. పదిమంది పని ఒక్కరు చేస్తే మిగతా తొమ్మిదిమంది కూడు ఏమవుతుందన్న భయం అది. ఆ భయానికి అప్పుడు జవాబు చెప్పేవారు లేరు. ఇప్పుడు సంఘం ఉంది. తలపును పగలగొట్టడమూ కాదు, ఊరికే ధారపోయడమూ కాదు; దాని ఫలాన్ని పంచమని బేరమాడడం సంఘం పని.

ఇంకో మాట. అలసిన ఒళ్ళలో తలపు నిలవదు. 1886 మే నెలలో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల నిద్ర, ఎనిమిది గంటలు మా కోసం అన్నారు. ఆ మూడో ఎనిమిది గంటలు దేనికనుకున్నారు? మనిషిగా ఆలోచించడానికే. 2023లో కర్ణాటక శాసనసభ ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించింది. వారానికి 48 గంటల హద్దు ఉంచుతూనే, కార్మికుడి రాతపూర్వక సమ్మతితో రోజుకు 12 గంటల దాకా పని చేయించుకోవడానికి వీలు కల్పించింది. మూడు నెలలకు 75 గంటలుగా ఉన్న ఓవర్‌టైం హద్దును 145కు పెంచింది. పన్నెండు గంటలు నిలబడి ఇంటికొచ్చినవాడు అన్నం తింటూనే నిద్రపోతాడు. వాడికి పాట ఎలా తడుతుంది? ఆ సమ్మతి కాగితం మీద సంతకం అడిగినప్పుడు, వాళ్ళు అడుగుతున్నది మన ఒంటిని మాత్రమే కాదని గుర్తుపెట్టుకోండి.

కాబట్టి నా సూచనలు ఇవి. మొదటిది, ప్రతి కార్మికుడూ జేబులో ఒక చిన్న పుస్తకం, పెన్సిలు పెట్టుకోవాలి. రాయడం రానివారు భోజన విరామంలో పక్కవారికి చెప్పి రాయించుకోవాలి. రెండోది, సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టాలి. ఎవరికి ఏ తలపు వచ్చినా పేరు, తేదీతో అందులో ఎక్కాలి. మూడోది, పనిలో మార్పు తెచ్చే తలపు ఏదైనా సంఘంలో చర్చించాకే యాజమాన్యం ముందుకు వెళ్ళాలి. దానివల్ల ఎవరి ఉద్యోగమూ పోదని, మిగిలే లాభంలో కార్మికులకు వాటా ఉంటుందని రాతపూర్వకంగా ఒప్పందం కావాలి. నాలుగోది, కొత్త పరికరమైతే ఊరికే వదలొద్దు. హైదరాబాదులో బ్రిగేడియర్ గణేశం గారి పల్లె సృజన సంస్థ ఇలాంటి గ్రామీణ ఆవిష్కర్తలను వెతికి, వారికి గుర్తింపు కోసం పాటుపడుతూ వచ్చింది. అలాంటివారిని సలహా అడగాలి. అయిదోది, ప్రతి సమావేశంలోనూ పది నిమిషాలు పాటకో, పద్యానికో, కొత్త ఆలోచనకో విడిచిపెట్టాలి. ఆ పది నిమిషాల కోసం వచ్చినవాడు మిగతా రెండు గంటలూ కూర్చుంటాడు.

తమ్ముడూ, నీ బతుకులో నీదంటూ ఏముందని అడిగావు. నీ చేతికింద రోజూ వేల పోగులు సాగుతున్నాయి. ఆ నూలు ఎవరి ఒంటి మీదికి పోతుందో నీకు తెలియదు. కానీ నీకు తట్టిన తలపు ఎవరి బరువు దించాలో నువ్వే తేల్చుకోవచ్చు. రేపు షిఫ్టులో అది తట్టగానే వదలకు. రాసుకో, పక్కవాడికి చెప్పు, సంఘానికి తీసుకురా. అతికే పని అందరం కలిసి చేద్దాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!