పాత ఎంజీబీ కొనే ముందు

బ్రిటన్‌లో స్థిరపడ్డ మనవాళ్లు కొందరు పాత స్పోర్ట్స్ కారు మీద మనసు పడుతుంటారు. అక్కడ వాటిలో బాగా పేరున్నది ఎంజీబీ. 1962లో వచ్చింది. 1980 దాకా తయారైంది.

ఇంజను గురించి బెంగ వద్దు. మొరాయించినా బాగుచేయించుకోవచ్చు, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. అసలు శత్రువు తుప్పు. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు. బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ తుప్పు తినేస్తే, కారు నడుం విరిగినట్టే.

ఎలా తెలుస్తుంది? చిన్న అయస్కాంతాన్ని బట్టలో చుట్టి అక్కడ ఆనించండి. అంటుకుంటే ఇనుము. జారిపోతే పెయింటు కింద ఉన్నది లప్పం. తలుపు సందు పైన ఒకలా, కింద ఒకలా ఉన్నా అనుమానించాల్సిందే. మెరుపు చూసి మోసపోకండి. కొత్త పెయింటంటే నాకైతే అనుమానం ఇంకాస్త ఎక్కువ.

ఇంకో మాట. 40 ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని కార్లకు బ్రిటన్‌లో ఏటా ఎంఓటీ తనిఖీ తప్పనిసరి కాదు. హమ్మయ్య, ఆ ఖర్చు తప్పిందనుకోకండి. తెలిసిన మెకానిక్‌తో కారు పైకెత్తించి, అడుగుభాగం చూపించండి. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే బేరం మానుకోండి.