మన యింటి మంచినీరు

నల్లా వచ్చు వేళకు ఉప్పల్‌లోను, నాచారములోను ఏ సందు చూచినను ఒకటే సందడి. బిందెలు, బకెట్లు, డ్రమ్ములు వరుసగా నిలుచును. ఇంటింట మోటారులు మ్రోగును. నల్లా కట్టుబడిన పిమ్మట, నిండిన బిందెలను చూచి నేటికి గండము గడచినదని మనము ఊపిరి పీల్చుకొందుము. ఆ నీరు ఎచ్చటినుండి వచ్చినది, ఎట్టి నీరు అని విచారించువారు మాత్రము మనలో కొలదిమందియే. త్రాగెడి నీటికి మన పెద్దలు మంచినీరు అని పేరు పెట్టిరి. ఆ పేరు నిలుచునట్లుగా ఆ నీరు మన కుండను చేరుచున్నదా? నేడు మనము విచారింపదలచినది ఈ విషయమే.

హైదరాబాదు తొలినుండి చెరువుల నీరు త్రాగి పెరిగిన నగరము. 1562లో కుతుబ్ షాహీల యేలుబడిలో వెలసిన హుస్సేన్ సాగరము, 19వ శతాబ్ది ఆరంభమున కట్టబడిన మీరాలం చెరువు చిరకాలము ప్రజల దాహము తీర్చినవి. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీకి వచ్చిన వరద వేలాదిమందిని పొట్టను పెట్టుకొన్నది. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నగరమునకు ఎగువను రెండు జలాశయములు నిర్మింపబడినవి. మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకై కట్టిన కట్టలే దాహము తీర్చు తల్లులైనవి. గండిపేట నీరు త్రాగినవాడు మరి యీ ఊరు విడువడను మాట అట్లు పుట్టినదే. ఆ నీరు పల్లమునుబట్టి తనంతట తానే ఆసిఫ్ నగరు వడపోత కేంద్రమునకు నడచివచ్చెడిది. దానిని ఎత్తిపోయవలసిన శ్రమ లేకుండెను.

నగరము పెరిగినకొలది ఈ చెరువుల నీరు చాలలేదు. 1965లో మంజీర నీరు వచ్చినది. 1990 తరువాత సింగూరు నీరు తోడైనది. అదియు చాలక మనము కృష్ణానది వంక చూచితిమి. 2004, 2008, 2015 సంవత్సరములలో మూడు దశలుగా, ఒక్కొక్క దశకు దినమునకు 9 కోట్ల గ్యాలన్ల చొప్పున కృష్ణాజలము వచ్చుటకు ఏర్పాటైనది. 2015 సంవత్సరాంతమున ఎల్లంపల్లి జలాశయమునుండి, నూరు మైళ్లకు పైబడిన దూరము గడచి, గోదావరియు నగరము చేరినది. కృష్ణ గొట్టములకు మరమ్మతులు జరుగు దినములలో ఉప్పల్, నాచారము, హబ్సిగూడ, రామంతాపురము ప్రాంతముల నల్లాలు ఎండుటను మనము చూచుచునే యున్నాము. మన దాహము ఏ నదిపై ఆధారపడియున్నదో అట్టి దినముననే మనకు తెలియును.

ఆ నీటి ప్రయాణమును ఒకమారు తలచుకొందము. నాగార్జున సాగరము నిండినప్పుడు దాని నీటిమట్టము సముద్రమట్టమునకు 590 అడుగుల ఎత్తున నుండును. మన నగరమో సుమారు 1,700 అడుగుల ఎత్తున నున్నది. అనగా ఆ నీరు నూరు కిలోమీటర్లకు పైగా నడచుటయే కాక, వెయ్యి అడుగులకు పైగా పైకెక్కవలెను. నిండుబిందెను నెత్తిన పెట్టుకొని నూరు అంతస్తుల మేడ నెక్కుట యెట్టిదో, ప్రతి బిందెకు అంత పని జరుగుచున్నది. ఆ పని చేయునది విద్యుచ్ఛక్తి. దాని వెల ఇచ్చునది ప్రజాధనము. దారిలో కోదండాపురమున ఆ నీటికి పటిక కలిపి మడ్డిని పేర్చి, ఇసుకలో వడగట్టి, క్రిములు చచ్చుటకు క్లోరిన్ కలుపుదురు. అచ్చట వెలువడునది నిజముగా మంచినీరే.

ఇంత శ్రమపడి వచ్చిన నీరు తరచుగా చెడునది ఎచ్చట? నది యొద్ద కాదు, కొండల నడుమ కాదు. మన వీధిలో, మన గుమ్మము ముందర. నల్లా వచ్చు వేళ గొట్టములు నిండియుండును. లోపలి ఒత్తిడి వలన పగులున్నను నీరు బయటికే చిమ్మును. నల్లా కట్టిన పిమ్మట గొట్టము వట్టిదగును. ప్రక్కనే మురుగుకాలువ యున్నయెడల, ఆ పగులుగుండ మురుగు లోనికి జొరబడును. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగినప్పుడు ఈ అపాయము ఇనుమడించును. మన మోటారు పొరుగింటివారి వంతు నీటిని లాగుటయే గాక, వీధిలోని మురుగును గూడ మన యింటికి పిలుచును. ఇది ఉత్తమాట కాదు. 2009 మే నెలలో ముషీరాబాదు చెంతనున్న భోలక్‌పూర్‌లో కలుషితమైన త్రాగునీటి వలన పలువురు ప్రాణములు కోల్పోయిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి.

ఇట్టి ఆపదకు కాపలా క్లోరిన్. నల్లానీటికి మందువాసన వచ్చుచున్నదని మనలో పలువురు ముఖము చిట్లించుదురు. ఆ కొద్దిపాటి వాసన కాపలావాడు మేలుకొని యున్నాడనుటకు గుర్తు. లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెనని మన దేశపు ప్రమాణము చెప్పుచున్నది. నీటిలో రెండు చుక్కల మందు వేసి, రంగు మారుటను బట్టి దీనిని అక్కడికక్కడే తెలిసికొనవచ్చును. భయపడవలసినది వాసన వచ్చిన దినమున కాదు. బొత్తుగా వాసన లేక, నీరు మసకగా వచ్చిన దినమున.

ఇక మన కాళ్ల క్రింది నీటి సంగతి. ఈ ప్రాంతమంతయు నల్లరాతి నేల. వాననీరు ఆ రాతి నెరియలలో నిలిచి మన బోరుబావులకు అందును. రాతిలోని లవణములు కరగుటచే ఆ నీటికి సహజముగనే కఠినత్వము హెచ్చు. కొన్నిచోట్ల ఫ్లోరైడు హెచ్చు. దానికి తోడు ఉప్పల్, నాచారము, మల్లాపురములు పరిశ్రమల వాడలైనవి. ఇండ్లు దట్టమైనవి, మరుగుదొడ్ల గుంతలు పెరిగినవి. నేలపై మనము విడిచినది నేలలోనికి ఇంకక మానదు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములను, ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములను మించరాదని ప్రమాణము. ఇవి కంటికి కనబడవు, రుచికి తెలియవు. కాచినందువలన క్రిములు చచ్చును గాని ఇవి పోవు. నీరు ఆవిరియైన కొలది మరింత చిక్కబడును. కనుక పరిశ్రమల నడుమనున్న బోరునీటిని ప్రయోగశాలలో పరీక్షింపక త్రాగరాదు. 1961లో స్థాపింపబడి, రాతినేలలలోని నీటిజాడలను శోధించుచున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన ఉప్పల్ రోడ్డుననే యున్నది. ఆ రోడ్డు ప్రక్కల నివసించు మనకే మన భూగర్భజలము త్రాగ వెరపగుట విచారకరము గదా!

మన ప్రాంతమునకు మరియొక విశేషము గలదు. నగరము వాడుకొన్న నీరు తూర్పు గుమ్మమున వెడలిపోవును. ఆ గుమ్మము మనదే. ఉప్పల్‌కు, నాగోలుకు నడుమ మూసీ ఆ మురుగును మోసికొని పోవుచున్నది. నల్లచెరువు దగ్గరను, నాగోలులోను శుద్ధికేంద్రములున్నను, ఏటి రంగును చూచినవారికి చేయవలసినది ఎంత మిగిలియున్నదో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ నీటితోనే ఒడ్డున పశువుల గడ్డి పెంచుచున్నారు. ఆ గడ్డి మేసిన పాడి మన యిండ్లకే పాలిచ్చును. తుదకు మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి కడ కృష్ణలో కలియును. కృష్ణ మనకు మంచినీరు పంపినది. మనము కృష్ణకు తిరిగి పంపుచున్నది ఏమి?

ఇందులో ప్రభుత్వము చేయవలసినవి కలవు: పాత గొట్టములు మార్చుట, మురుగును శుద్ధి చేయుట, పరిశ్రమల వ్యర్థజలములపై కన్ను వేయుట. మనము చేయవలసినవియు కలవు. నల్లాకు మోటారు బిగింపకుందము. నీటి సంపును మరుగుదొడ్డి గుంతకు దూరముగ నుంచి, మూతవేసి, నియమముగ కడుగుకొందము. అనుమానము కలిగిన నీటిని తెర్లకాచి, చల్లార్చి, మూత పెట్టుదము; కుండలో చేయి ముంచక పిడిగల గరిటెతో తీసికొందము. మసకనీరు వచ్చినచో, ఇంటిలో తిట్టుకొని యూరకుండక, నాడే అధికారులకు తెలియజేయుదము. ఇంటి పైకప్పున పడిన వానను ఇంకుడుగుంతకు మళ్లించుదము.

రేపు ఉదయము నల్లాక్రింద బిందె నుంచునప్పుడు, ఈ నీరు వెయ్యి అడుగులు ఎక్కి వచ్చినదను మాట ఒకమారు తలచుకొందము. తొంబదితొమ్మిది పాళ్ల దూరము దానిని ఇతరులు కాపాడి తెచ్చిరి. మిగిలిన ఒక్క పాలు దూరము మన చేతిలో నున్నది.