తూకం ఒకటే, విషం వేరు
(ఆక్లాండ్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా మనం చెప్పే మాట ఒకటుంది: "ఇక్కడ గాలి ఎంత స్వచ్ఛంగా ఉంటుందో!" అందులో నిజముంది, కానీ పూర్తి నిజం లేదు. 2022లో వెలువడిన ప్రభుత్వ అధ్యయనం ప్రకారం, మానవ కారణాల వాయు కాలుష్యం వల్ల 2016లో ఈ చిన్న దేశంలోనే 3,300 మందికి పైగా అకాల మరణం పాలయ్యారు. అందులో ఎక్కువ భాగం వాహనాల నైట్రోజన్ డయాక్సైడ్ వాటా. మిగిలినది ధూళికణాలది. నేను మాట్లాడేది ఆ కణాల గురించి.

పీఎం10 కణాలకు న్యూజీలాండ్ 2004లో పెట్టిన పరిమితి, 24 గంటల సగటున ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు. భారతదేశం 2009లో పెట్టుకున్నది 100. రెండుచోట్లా కొలిచేది బరువునే. కిలో ఉప్పూ, కిలో పురుగుమందూ తక్కెడకు ఒకటే, కడుపుకు ఒకటి కాదు గదా!

మన ఆక్లాండ్ ధూళిలో చాలా భాగం సముద్రపు ఉప్పు. క్రైస్ట్‌చర్చ్‌లో చలికాలపు రాత్రి పైనున్న వెచ్చని గాలి మూతలా కూర్చుంటే, కట్టెపొయ్యిల పొగ కిందే చిక్కుకుంటుంది. వెల్లింగ్టన్ దగ్గరి వైనుయోమాటాలో చలికాలపు ధూళిలో ఆర్సెనిక్ కనబడింది. చెదపట్టకుండా మందు పట్టించిన కలపను పొయ్యిలో పెట్టడమే దానికి కారణం. ఇక కొండల మధ్య ఉన్న మన విశాఖలో ఓడరేవు బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము. రామగుండంలో థర్మల్ బూడిద.

2020లో 'నేచర్' పత్రికలో వచ్చిన యూరప్ పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. ధూళి బరువును పెంచేవి వేరు, శరీరంలో ఆక్సీకరణ హాని చేయగల శక్తిని పెంచేవి వేరు. ఈ రెండో పనిలో ముందున్నవి కట్టెల పొగ, బ్రేకుల అరుగుదల నుంచి వచ్చే లోహాలు.

అలాగని "మాది మట్టి దుమ్మేలెండి" అని నాయకులు తప్పించుకోవడానికి వీల్లేదు. ఏ కణం ఎంత విషమో ఇంకా పూర్తిగా తేలలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనూ బరువు పరిమితినే ఉంచి, పీఎం2.5 వార్షిక హద్దును 10 నుంచి 5కు దించింది. బరువు తగ్గాల్సిందే. ముందు ఏది తగ్గించాలో తెలియాలంటే మాత్రం ధూళిలో ఏముందో చూడాలి.

రెసిడెంటుగా ఏడాది పాటు ఇక్కడే ఉన్నవారికి, పౌరసత్వం లేకపోయినా, ఈ దేశంలో ఓటు ఉంది. ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని "మా పేట గాలిలో ఏముంది?" అని అడుగుదాం. విరాళాల కోసం అక్కడి నుంచి వచ్చే మన నాయకులనూ అదే అడుగుదాం. డెక్ కట్టగా మిగిలిన కలప ముక్కలను మాత్రం పొయ్యిలో వెయ్యకండి. ఆ పొగ పీల్చేది ముందుగా మన పిల్లలూ, పక్కింటివాళ్ళూ.