ఇంజను ఆగే వేళ బెల్టు పెట్టే కేక

(మోటారు వాహన కార్మికుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తపాలా మోటారు సర్వీసులో లారీలు నడిపే సోదరులకు, రైల్వేలో సామగ్రి లారీలు నడిపే సోదరులకు బాగా పరిచయమైన ఒక చప్పుడును గురించి నేడు ముచ్చటించదలచినాము. డీజిలు ఇంజనును ఆపిన మరుక్షణం బోనెట్టు క్రింద నుండి కీచుమని ఒక కేక వినవస్తుంది. ఒకటి రెండు సెకండ్లలో అంతా నిశ్శబ్దం. డ్రైవరు తాళం తీసుకొని దిగిపోతాడు. మరునాడు ఆ బండి మరొకరి చేతికి వస్తుంది. షెడ్డులో ఇంజను ఆడుతుండగా చూచే మెకానిక్కుకు ఆ చప్పుడు వినబడదు. "దోషమేమియు లేదు" అని పుస్తకంలో వ్రాసి బండిని పంపివేస్తారు.

ఇంత చిన్న విషయానికి ఒక ప్రసంగమా అని కొందరు అనుకోవచ్చును. ఆ బెల్టు మీద ఏమేమి ఆధారపడి వున్నవో చూడండి. బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు, అంటే మనవాళ్ళు నేటికీ డైనమో అని పిలిచే యంత్రం, దాని మీద ఆధారపడినది. అనేక బండ్లలో ఇంజనును చల్లార్చే నీళ్ళ పంపు కూడా దానితోనే తిరుగుతుంది. కొన్ని చిన్న డీజిలు బండ్లలో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపును ఆల్టర్నేటరు వెనుకనే బిగిస్తారు. అట్టి బండిలో బెల్టు తెగితే దీపాలు మాత్రమే కాదు, బ్రేకు పెడలు కూడా రాయివలె గట్టిపడుతుంది. అప్పుడు ప్రమాదంలో పడేది డ్రైవరు ప్రాణం, దారిన పోయే వారి ప్రాణం.

ఈ చప్పుడు ఆపే సమయంలోనే ఎందుకు వస్తుంది? డీజిలు ఇంజనులో గాలి సిలిండరులో సుమారు 16, 17వ వంతుకు నొక్కబడుతుంది. ఇంధనం ఆగిన వెంటనే పిస్టన్లు ఆ గాలిని నొక్కలేక ఇంజను నాలుగైదు కుదుపులతో నిలిచిపోతుంది. కాని ఆల్టర్నేటరు అట్లా నిలువదు. దాని పుల్లీ చిన్నది కావున అది ఇంజను కంటె రెండు మూడు రెట్లు వేగంగా తిరుగుతూ వుంటుంది. లోపలి రోటరు బరువైన ఇనుము, రాగి. ఇంజను ఆగినా అది తన ఊపుతో ఇంకా తిరగాలని చూస్తుంది. అంతవరకు ఇంజను లాగగా తిరిగిన ఆల్టర్నేటరు ఆ క్షణంలో తానే బెల్టును లాగుతుంది. బిగువుగా వున్న వైపు వదులై, వదులుగా వున్న వైపు బిగుస్తుంది. పట్టు చాలని చోట, అంటే చిన్న పుల్లీ మీద, బెల్టు జారుతుంది. ఆ జారుడే మనకు వినబడే కేక.

రైల్వేలో ట్రెయిన్ లైటింగు సిబ్బందికి బెల్టు కొత్త కాదు. ఇరుసు నుండి బెల్టుల ద్వారా విద్యుత్తు తయారు చేసుకొనే పెట్టెలలో 25 కిలోవాట్ల ఆల్టర్నేటరు ఒక్కదానికే 12 బెల్టులు వేస్తారు. అవి జారినా తెగినా బ్యాటరీలు దిగిపోయి ప్రయాణీకులు చీకటిలో కూర్చోవలసి వస్తుంది. ఆ కోపాన్ని సిబ్బందియే భరిస్తారు. అయితే రైలు మెల్లమెల్లగా ఆగుతుంది కావున ఆ ఆల్టర్నేటరు కూడా మెల్లగానే నెమ్మదిస్తుంది. లారీ ఇంజను ఒక్కసారిగా నిలిచిపోతుంది. పైగా టపా లారీ రోజంతా ఒక పోస్టాఫీసు నుండి మరొకదానికి, అక్కడి నుండి స్టేషనులోని ఆర్.ఎమ్.ఎస్. ఆఫీసుకు తిరుగుతూ ఎన్నోసార్లు ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ బెల్టు జారితే దాని ప్రక్కలు రాపిడికి వేడెక్కి, అద్దంవలె నునుపు తేలుతాయి. నునుపెక్కిన బెల్టు మరింతగా జారుతుంది.

చప్పుడు వచ్చే వేళను బట్టి దోషాన్ని పోల్చవచ్చును. ఇంజను పట్టుకున్న వెంటనే గాని, హెడ్ లైట్లు వేసినపుడు గాని కీచుమంటే భారానికి బెల్టు జారుతున్నదని అర్థం. ఆపేటప్పుడు మాత్రమే కీచుమంటే బిగువు కొంత తగ్గినదేమో, స్వయంగా బిగువు నిలిపే టెన్షనరు స్ప్రింగు బలహీనపడినదేమో చూడాలి. కొన్ని కొత్త బండ్లలో ఆల్టర్నేటరుకు ఒకే దిక్కున పట్టి, రెండవ దిక్కున వదిలే పుల్లీ వుంటుంది. ఇంజను ఆగినా రోటరు తన దారిన తాను తిరిగి ఆగేందుకే ఆ ఏర్పాటు. బెల్టు తీసి, రోటరును పట్టుకొని ఆ పుల్లీని చేతితో తిప్పితే ఒక వైపు స్వేచ్ఛగా తిరగాలి. రెండు వైపులా పట్టివేస్తే అది చెడినట్లే. అప్పుడు బెల్టును ఎంత బిగించినా ప్రయోజనం లేదు.

బెల్టుకు సబ్బు రుద్దడం, నూనె పూయడం, అంగడిలో దొరికే మందు చల్లడం వైద్యం కాదు. అవి చప్పుడును కొంతసేపు అణచిపెడతాయి, రబ్బరును పాడు చేస్తాయి. అతిగా బిగించడం కూడా తప్పే. ఆ భారమంతా ఆల్టర్నేటరు బేరింగుల మీద, నీళ్ళ పంపు బేరింగుల మీద పడుతుంది. తయారీదారు పుస్తకంలో చెప్పిన కొలతకే బిగించాలి. వి-ఆకారపు బెల్టు ప్రక్కలతో పట్టాలి గాని గాడి అడుగును తాకరాదు. అడుగు మెరుస్తూ వుంటే బెల్టో పుల్లీయో అరిగినదని తెలుసుకోవాలి. జతగా వేసిన బెల్టులలో ఒకటి చెడితే జతనంతా మార్చాలి. కొత్త బెల్టు మొదట కొంత సాగుతుంది కావున కొద్ది రోజులు నడిచిన తరువాత మరల బిగువు చూడాలి.

ఈ పనులన్నీ ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకొని చేయవలసినవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 22వ సెక్షను, ఆడుతున్న యంత్రాన్ని పరీక్షించవలసి వస్తే ప్రత్యేక శిక్షణ పొంది, రిజిస్టరులో పేరు నమోదైన కార్మికుడే బిగుతైన దుస్తులు ధరించి ఆ పని చేయాలని నిర్దేశించింది. ఆ దుస్తులను యాజమాన్యమే సమకూర్చాలని కూడా చెప్పింది. ఆ నియమం వెనుక ఎందరో కార్మికుల తెగిన వేళ్ళు వున్నవి. చట్టాల పేర్లు మారవచ్చును. ఆ వివేకం మాత్రం మారరాదు.

సోదరులారా, ఆ కేకను వినగలిగినవాడు డ్రైవరు ఒక్కడే. కావున విన్న దానిని విన్నట్లు వ్రాయడం మన బాధ్యత. "చప్పుడు వస్తున్నది" అని వ్రాస్తే చాలదు. "ఇంజను ఆపిన క్షణాన ముందు భాగంలో కీచుమన్నది, రోజూ వస్తున్నది, ఇంతకు ముందు లేదు" అని తేదీతో వ్రాయండి. నకలు ఒకటి మీ వద్ద వుంచుకోండి. మెకానిక్కు సోదరుని ప్రక్కన నిలబెట్టి, అతడు వినేటట్లు ఇంజనును ఆపి చూపండి. డ్రైవరు, మెకానిక్కు ఒకరినొకరు నిందించుకుంటే లాభం ఎవరికో మనకు తెలియనిది కాదు.

వ్రాసిన దానిని పట్టించుకోవడం యాజమాన్యం బాధ్యత. కొన్ని చోట్ల విడి బెల్టు అడిగితే స్టోరులో లేదంటారు; బండి దారిలో ఆగితే మాత్రం డ్రైవరును సంజాయిషీ అడుగుతారు. ఇది న్యాయం కాదు. ప్రతి షెడ్డులో బిగువు కొలిచే సాధనం, ప్రతి బండికి విడి బెల్టు, మెకానిక్కుకు చాలినంత సమయం, తగిన దుస్తులు వుండాలి. ముందుగా వ్రాసి తెలిపిన దోషానికి డ్రైవరును శిక్షించరాదు. శాఖా సమావేశాలలో ఈ కోరికలను తీర్మానాలుగా చేసి, మీరు దాచిన నకళ్ళను వాటికి జతపరచి పంపవలసిందిగా కోరుతున్నాము. తేదీలతో కూడిన నాలుగు నకళ్ళు చేతిలో వుంటే సంఘ ప్రతినిధి అధికారి ఎదుట ధైర్యంగా మాట్లాడగలుగుతాడు.