కాంక్రీటు కప్పు - చలువకు సాధనము



ఉద్యోగరీత్యా ఢిల్లీ, నాగపూరు వంటి నగరములకు చేరిన మన కుటుంబములకు వేసవి రాత్రి యొక పరీక్ష. ప్రొద్దు గ్రుంకి బయటి గాలి చల్లబడినను, పై అంతస్తులోని పసిబిడ్డకు నిద్ర పట్టదు. దీని కారణము గృహిణులకు తెలియనిది కాదు. పొయ్యి నార్పినంతనే పెనము చల్లారదు గదా! మన నెత్తిమీది కప్పు అట్టి పెనమే. పగటి యెండను త్రాగి, కొన్ని గంటల పిమ్మట, సరిగా మనము పరుండు వేళకు గదిలోనికి విడుచును.

అట్లని కాంక్రీటును నిందింపరాదు. అది తాను దాచినదానినే తిరిగి యిచ్చును. ఒక ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడిచేయు ఉష్ణమునకు సుమారు 1,700 రెట్లు అంతే కాంక్రీటునకు కావలెను. కావున వేడికి బదులు చలువను దాచినచో అదియే మనకు మేలుచేయును.

ఇందుకు ఉపాయములు కష్టమైనవి కావు. కప్పుపై తెల్లసున్నము పూయవలెను, నీడ కల్పింపవలెను. పగలు కిటికీలు మూసి, రాత్రి ఎదురెదురు కిటికీలు తెరువవలెను. రాత్రిగాలికి చల్లారిన పలకలు మరునాడు మనుష్యుల వేడిని, దీపముల వేడిని గ్రహించును. కార్యాలయములలో ఫాల్స్ సీలింగుతో కప్పును మరుగుపరచినచో ఈ మేలు చాలవరకు పోవును.

అయితే విశాఖ, కాకినాడలవంటి తీరప్రాంతములలో రాత్రులును ఉక్కగానే యుండును. అచ్చట గాలి చాలదు, నీరు కావలెను. హైదరాబాదు చెంత పోచారమున ఇన్ఫోసిస్ సంస్థవారి భవనమొకటి 2011లో వాడుకలోనికి వచ్చినది. అందొక సగమునకు మామూలు ఏర్ కండిషనింగును, రెండవ సగమునకు కాంక్రీటు పలకలలోని గొట్టములగుండ చల్లనీటిని పంపు పద్ధతిని అమర్చిరి. మొదటి రెండేండ్ల కొలతలలో రెండవ సగము చల్లదనమునకు సుమారు 34 శాతము తక్కువ విద్యుత్తును వాడినది. లోనికి వచ్చు గాలిలోని తేమను ముందే తీయవలెను. లేకున్న చల్లని పలక చెమర్చును.

ఏర్ కండిషనర్ మన గదిలోని వేడిని వీధిలోనికి నెట్టును. ఆ వీధిలోనే దానిని కొనలేని పొరుగువాడు నిద్రించుచున్నాడు. మన సభ్యులలో ఇంజనీర్లు కలరు, గృహనిర్మాణ సంఘములవారు కలరు. క్రొత్త యిల్లు కట్టించువేళ గోడలకు రంగు లెంచుటకు ముందు, కప్పునకు నీడను గూర్చి యాలోచింపుడని వారిని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.