ఫోను పునాదిలో సామాజిక మాధ్యమం

(ఒక కళాశాలలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



గ్రంథాలయ వారోత్సవాల సభలో సెల్‌ఫోనును గురించి ప్రసంగించడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. కాని నేడు మన చదువు, మన వార్తలు, బంధుమిత్రులతో మన మాటామంతీ చాలావరకు ఆ చిన్న పరికరం ద్వారానే సాగుతున్నాయి. దాని లోపల దేనిని ఎక్కడ అమర్చారు, ఎవరు అమర్చారు, అక్కరలేదనుకుంటే తొలగించుకునే వీలు మనకున్నదా అనే ప్రశ్నలు సాంకేతిక నిపుణులకు మాత్రమే వదలివేయదగినవి కావు. అవి పౌరులందరికీ సంబంధించినవి. అటువంటి ప్రశ్నలలో ఒకదానిని ఈ రోజు మీ ముందు పరిశీలించదలచాను. ఫేస్‌బుక్, ట్విటర్ వంటి సామాజిక మాధ్యమాలను ఫోను ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఇమడ్చడం మంచిదా, కాదా అన్నదే ఆ ప్రశ్న.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో ముందుగా చెప్పుకుందాం. ఫోనును ఒక ఇల్లుగా భావిస్తే దాని పునాది, దూలాలు, నీటి గొట్టాలు, కరెంటు తీగలు అన్నీ కలిసి ఆపరేటింగ్ సిస్టమ్. తెరపై అక్షరాలను చూపడం, కెమెరాను పనిచేయించడం, ఫోను నంబర్ల జాబితాను భద్రపరచడం, ఏ యాప్‌కు ఏది అందుబాటులో ఉండాలో నిర్ణయించడం దాని విధులు. మనం వేసుకునే యాప్‌లు ఆ ఇంట్లో అద్దెకు దిగినవారి వంటివి. అద్దెకున్నవారు నచ్చకపోతే ఖాళీ చేయమనవచ్చు. దూలాన్ని మాత్రం ఖాళీ చేయమనలేము. కనుక ఒక వ్యాపార సంస్థకు అద్దె గది ఇవ్వడం వేరు, ఆ సంస్థను దూలంగా ఎత్తి నిలపడం వేరు.

ఈ రెండవ పని ప్రపంచంలో కొంతకాలం ఉత్సాహంగానే సాగింది. 2009లో పామ్ సంస్థ విడుదల చేసిన ప్రీ అనే ఫోను ఫేస్‌బుక్, గూగుల్ తదితర ఖాతాలలోని పరిచయస్థుల వివరాలన్నింటినీ ఒకే జాబితాగా కూర్చి చూపింది. 2010లో మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ 7లో ‘పీపుల్’ అనే విభాగాన్ని తెరిస్తే, మిత్రుల ఫోను నంబర్ల పక్కనే వారు ఫేస్‌బుక్‌లో ఉంచిన ఛాయాచిత్రాలు, మాటలు కనిపించేవి. 2011 అక్టోబరులో యాపిల్ సంస్థ తన ఐఓఎస్ 5లో ట్విటర్‌ను ఇమిడ్చింది. సెట్టింగ్స్‌లో ఒక్కసారి ఖాతా వివరాలు ఇస్తే చాలు, ఫొటోల నుంచి గాని, బ్రౌజరు నుంచి గాని, మ్యాపుల నుంచి గాని నేరుగా ట్విటర్‌కు పంపవచ్చు. 2012 సెప్టెంబరులో ఐఓఎస్ 6తో ఫేస్‌బుక్‌కు, చైనా వినియోగదారుల కొరకు సీనా వెయిబోకు, 2013లో ఐఓఎస్ 7తో ఫ్లికర్, విమియోలకు అదే స్థానం లభించింది.

ఈ ఏర్పాటుకు కారణాలు లేకపోలేదు. ప్రతి యాప్‌లోనూ వేరువేరుగా సంకేతపదం నమోదు చేసే శ్రమ తప్పుతుంది. సంకేతపదం ఒక్క చోటనే ఉండడం వల్ల ఊరూపేరూ లేని యాప్‌లకు దానిని అప్పగించే అవసరం తగ్గుతుంది. చిన్న సంస్థలలో యాప్‌లు రూపొందించేవారికీ పని తేలికవుతుంది. ఈ సౌకర్యాలను చిన్నచూపు చూడనవసరం లేదు. కాని సౌకర్యంతోపాటు మూడు చిక్కులు కూడ వచ్చిపడ్డాయి.

మొదటిది ఎంపికకు సంబంధించినది. దూలంలో నాలుగైదు సంస్థలకే చోటున్నప్పుడు ఆ నాలుగైదు ఏవో ఫోను తయారీదారు నిర్ణయిస్తాడు. కొత్తగా పుట్టిన మాధ్యమానికి గాని, ఒక ప్రాంతంలోనే ఆదరణ పొందిన మాధ్యమానికి గాని అక్కడ ప్రవేశం ఉండదు. వినియోగదారుడు అడగకుండానే కొందరు అతని ముంగిట నిలబడతారు, తక్కినవారు వీధిలోనే ఉండిపోతారు. ఈ ధోరణి పరాకాష్ఠకు చేరిన ఉదాహరణ 2013లో కనిపిస్తుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో హెచ్‌టీసీ సంస్థ ‘ఫస్ట్’ అనే ఫోనును అమెరికాలో విడుదల చేసింది. దాని ముఖద్వారమంతా ఫేస్‌బుక్కే. తెర వెలిగిస్తే ముందుగా కనిపించేవి ఫేస్‌బుక్ మిత్రుల చిత్రాలే. రెండేళ్ల ఒప్పందంతో 99 డాలర్లకు అమ్మిన ఆ ఫోను ధరను నెల తిరగకుండానే 99 సెంట్లకు తగ్గించవలసి వచ్చింది. ఫేస్‌బుక్‌ను నిత్యం వాడేవారు సైతం ఇల్లంతా దానికే అప్పగించడానికి ఇష్టపడలేదు.

రెండవ చిక్కు సమ్మతికి సంబంధించినది. ఇది మిక్కిలి ముఖ్యమైనది. మన ఫోనులోని నంబర్ల జాబితా మనది అనుకుంటాం. నిజానికి అందులో ఉన్నవి ఇతరుల వివరాలు. మేనమామ నంబరు, ఉపాధ్యాయుని చిరునామా, సహాధ్యాయిని పుట్టిన తేదీ, వైద్యుని పేరు అందులో ఉంటాయి. ఆ జాబితాను ఒక సంస్థతో కలపడానికి మనం అంగీకారం తెలిపినా, వారెవరూ తెలుపలేదు. 2012 ఫిబ్రవరిలో పాత్ అనే అమెరికన్ యాప్ వినియోగదారుల చిరునామా పుస్తకాలను అనుమతి కోరకుండానే తన సర్వర్లకు చేరవేసుకుంటున్నదని వెల్లడైంది. అదే ఏడాది వచ్చిన ఐఓఎస్ 6లో, ఏ యాప్ అయినా నంబర్ల జాబితాను చూడదలిస్తే వినియోగదారుని అనుమతి అడిగి తీరాలనే నియమాన్ని చేర్చారు. ఫేస్‌బుక్‌ను పునాదిలోకి తెచ్చినదీ, గుమ్మం వద్ద కావలివానిని నిలిపినదీ ఒకే కూర్పు కావడం గమనించదగినది. వీటిలో కాలపరీక్షకు నిలిచినది కావలివాడే.

2018 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక మరొక విషయాన్ని బయటపెట్టింది. ఫేస్‌బుక్ సంస్థ కనీసం 60 పరికర తయారీ సంస్థలతో ఒప్పందాలు చేసుకున్నదనీ, వాటి ప్రకారం వినియోగదారుల వివరాలేగాక వారి మిత్రుల వివరాలు కూడ ఆ పరికరాలకు అందేవనీ ఆ పత్రిక తెలిపింది. యాప్‌లు విరివిగా లేని రోజుల్లో వివిధ ఫోనులలో ఫేస్‌బుక్‌ను పనిచేయించడానికి ఆ ఒప్పందాలు అవసరమయ్యాయనీ, వాటిపై తమ నియంత్రణ ఉన్నదనీ ఫేస్‌బుక్ సమాధానమిచ్చింది. ఎవరి వాదం ఎలా ఉన్నా, ఆ మిత్రులను ఎవరూ అడగలేదన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

మూడవ చిక్కు కాలానికి సంబంధించినది. వ్యాపార సంస్థలు మారుతుంటాయి. వాటి నియమాలు, యాజమాన్యాలు, చివరకు పేర్లు కూడ మారుతుంటాయి. 2015లో ఫేస్‌బుక్ తన సేవలను ఇతరులు అందుకునే పద్ధతిని మార్చివేయగా, విండోస్ ఫోనులలో పరిచయస్థుల జాబితాతో, క్యాలెండరుతో ఉన్న అనుసంధానం తెగిపోయింది. ఫోను కొన్నవాడు ఏ తప్పూ చేయలేదు. అతని చేతిలోని వస్తువులో ఒక భాగం మాత్రం పనికిరాకుండా పోయింది. ఇక 2023లో ట్విటర్ పేరే ఎక్స్‌గా మారింది. దూలంపై చెక్కిన పేరును చెరపడం గోడకు తగిలించిన బోర్డును మార్చినంత సులభం కాదు.

ఈ అనుభవాల తరువాత యాపిల్ సంస్థ తన దారి మార్చుకున్నది. 2014లో ఐఓఎస్ 8లో ఏ యాప్ అయినా పంపకాల జాబితాలో తన పేరు నమోదు చేసుకునే ఏర్పాటు వచ్చింది. 2017 సెప్టెంబరులో ఐఓఎస్ 11 విడుదలైనప్పుడు ట్విటర్, ఫేస్‌బుక్, ఫ్లికర్, విమియో ఖాతాలను సెట్టింగ్స్ నుంచి తొలగించారు. ఆండ్రాయిడ్ ఈ పద్ధతిని 2008లో తొలి ఫోను నాటినుంచే అనుసరించింది. “నా వద్ద ఒక చిత్రమున్నది, దీనిని పంపగలవారెవరు?” అని వ్యవస్థ అడుగుతుంది. ఫోనులో ఉన్న యాప్‌లలో ఆ పని చేయగలవి ముందుకు వస్తాయి. వాటిలో ఒకదానిని యజమాని ఎన్నుకుంటాడు. ఇక్కడ పునాదిలో ఉన్నది ఒక సంస్థ కాదు, అందరికీ తెరిచిన తలుపు. అయినా సమస్య పూర్తిగా తీరిందని చెప్పలేము. కొన్ని ఫోనులలో ఫేస్‌బుక్ యాప్‌ను ముందుగానే అమర్చి, దానిని తొలగించే వీలు లేకుండా నిలిపివేసే వీలు మాత్రమే ఇచ్చారన్న ఫిర్యాదులు 2019లో కూడ వినవచ్చాయి.

అయితే పునాదిలో ఉండవలసినది ఏది? అందరికీ సమానంగా అవసరమైనది, ఏ ఒక్కరి సొంతమూ కానిది. దీనికి మన తెలుగు లిపియే చక్కని నిదర్శనం. 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం జరిగింది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరాన్ని, లోపల కంటికి కనబడని ఒక విడదీత గుర్తుతో కలిపి ఐఫోనుకు పంపితే, ఆ సందేశాన్ని చూపబోయిన యాప్ ఆగిపోయేది. అది తెరపై సూచనగా వస్తే ఫోను ముఖపత్రమే కుప్పకూలేది. సందేశాల యాప్‌కు, వాట్సాప్‌కు, ట్విటర్‌కు ఒకే గతి పట్టింది. అక్షరాలను చిత్రించే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది కావడమే ఇందుకు కారణం. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో ఆ లోపాన్ని సరిచేశారు. ఒక్క దిద్దుబాటుతో అన్ని యాప్‌లూ ఒకేసారి బాగుపడ్డాయి.

ఇందులో రెండు పాఠాలున్నాయి. పునాదిలో పగులు వస్తే ఇల్లంతా కదులుతుంది కనుక అక్కడ చేర్చే ప్రతి వస్తువునూ ఆచితూచి చేర్చాలి. మన లిపులు పునాదిలో ఉండవలసినవే కనుక వాటిని తగినంత శ్రద్ధతో పరీక్షించాలి. జ్ఞానమనే మాటలోని మొదటి అక్షరం ఒక ఆధునిక యంత్రాన్ని నిలిపివేసిందంటే, లోపం అక్షరానిది కాదు.

భారత ప్రభుత్వం కూడ ఈ దిశగా కృషి చేసింది. దేశంలో అమ్మే ఫోనులలో రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలనూ చదివే సౌకర్యం, ఇంగ్లీషు, హిందీలతోపాటు కనీసం మరొక భారతీయ భాషలో రాసే సౌకర్యం ఉండాలని 2016లో ఉత్తర్వు వెలువరించింది. శ్రీకాకుళంలోని విద్యార్థి, మరొక రాష్ట్రంలోని ఉపాధ్యాయిని ఒకే రకం ఫోనును తమ తమ భాషలలో చదువుకోగలగడం మన సమైక్యతకు తగిన అనుసంధానం. అందరినీ ఒకే సంస్థ వాకిట నిలపడం ఆ కోవకు చెందదు.

ఇక సమ్మతి విషయం. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని ఆమోదించింది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావులేకుండా ఇచ్చినదై ఉండాలని ఆ చట్టం చెబుతున్నది. సమ్మతి కోరే విజ్ఞప్తిని ఇంగ్లీషులో గాని, ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే అవకాశం ఇవ్వాలని కూడ నిర్దేశిస్తున్నది. అంటే తెలుగులో అడిగించుకునే హక్కుకు ఆ చట్టంలో చోటున్నది.

కాని ఇల్లలకగానే పండుగ కాదు. తెరపై ప్రశ్న తెలుగులో వచ్చినా, చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే అలవాటు పోకపోతే చట్టం కాగితంపైనే మిగులుతుంది. ఇక్కడ గ్రంథాలయాలు చేయదగిన సేవ ఎంతో ఉన్నది. పుస్తకం చదవడం నేర్పినట్లే అనుమతి పత్రం చదవడమూ నేర్పవచ్చు. నెలకొక సాయంత్రం విద్యార్థులను కూర్చోబెట్టి, ఎవరి ఫోనులో ఏ యాప్‌కు నంబర్ల జాబితా, కెమెరా, మైకు అందుబాటులో ఉన్నాయో సెట్టింగ్స్‌లో చూపించవచ్చు. అక్కరలేని అనుమతులను వారి చేతులతోనే రద్దు చేయించవచ్చు. ఇంటికి వెళ్ళి అమ్మకు, నాన్నకు, తాతయ్యకు అదే చూపించమని చెప్పవచ్చు. దీనికి ధనం అక్కరలేదు. ఒక గంట సమయం, కొద్దిపాటి ఓర్పు చాలు.

మీలో కొందరు రేపు ఇంజనీర్లు అవుతారు. ఫోనులలో ఏది ఇమడ్చాలో నిర్ణయించే స్థానంలో కూర్చుంటారు. నేడు ఆ పునాదిలోకి ప్రవేశిస్తున్నవి కృత్రిమ మేధ సహాయకాలు. పేర్లు మారినా పరీక్ష మారదు. ఇది అందరికీ అవసరమైనదేనా? ఇష్టం లేనివారు తొలగించుకోగలరా? ఇందులో ఇతరుల వివరాలుంటే వారిని ఎవరు అడిగారు? ఈ మూడు ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానం లభిస్తే పునాదిలో చేర్చండి. లభించకపోతే అద్దె గది చూపండి. గౌరవంగానే చూడండి, కాని ఇంటి తాళాలు మాత్రం యజమాని చేతిలోనే ఉండనివ్వండి.