యువత భుజాన ధర్మప్రభ



మహాశివరాత్రి సమీపించగానే మన పల్నాటి సీమలో ఊరూరా ప్రభలు లేస్తాయి. కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి సన్నిధికి తరలే ఆ ప్రభలను కట్టేదెవరు? వెదుళ్ళు తెచ్చేది, మోకులు బిగించేది, దారి పొడవునా కాపు కాసేది ఊరి కుర్రవాళ్ళే. పెద్దలు వారికి పని అప్పగించారు. ఆ పనిలో నుండే భక్తి పుట్టింది. ఈ సూక్ష్మాన్ని మనసున నిలిపి, సముద్రాలు దాటిన మన బిడ్డల సంగతి ఆలోచిద్దాం.

1834 తరువాత ఆంగ్లేయులు చెరకు తోటల పనికి మన దేశం నుండి కూలీలను మారిషస్ ద్వీపానికి తరలించారు. వారిలో కోరంగి రేవున ఓడ ఎక్కిన తెలుగువారూ ఉన్నారు. వారి సంతతిలో అనేకులు నేడు ఇంట క్రియోలు భాష మాట్లాడుతారు. అయినా ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపంలోనే జరిగాయి. రామభజనం నేటికీ సాగుతోంది. ఇంటి భాష మారినా భజన ఎట్లా నిలిచింది? భజన ఒక్కరితో సాగేది కాదు. ముందు పాడేవారికి వెనుక పలికే గొంతులు కావాలి. నేడు వెనుక పలికిన బాలుడే రేపు ముందుండి పాడుతాడు. ఆంధ్ర మహాసభ వంటి సంఘాలు ఈ పరంపరకు నీడనిచ్చాయి.

ఇక అమెరికా మాట. అక్కడ పెరిగే పిల్లవానిని బడిలో "నీది ఏ దేశం?" అని అడుగుతారు. సెలవులకు మన ఊరు వస్తే "వీడు అమెరికా పిల్లవాడు" అని మనమే అంటాం. తాను ఎవరికీ చెందననే ఆ వేదనకు మందు తనవంటి వారి సాంగత్యమే. చిన్మయ మిషన్ బాలవిహారాలు, 1975లో ఆరంభమైన చిన్మయ యువకేంద్రం, 2007 నుండి సిలికానాంధ్ర నడుపుతున్న మనబడి అటువంటి సాంగత్యాన్ని కల్పిస్తున్నాయి. మనబడిలో స్వచ్ఛంద సేవకులు పిల్లలకు తెలుగు నేర్పుతారు. నిన్న నేర్చుకున్న అమ్మాయి నేడు చిన్నవారి చేత అక్షరాలు దిద్దిస్తే, తాను తెలుగుబిడ్డనని ఆమెకు వేరెవరూ చెప్పనక్కరలేదు. ఏడాదికొకసారి పట్టుపరికిణీ కట్టించి వేదిక ఎక్కించినంత మాత్రాన ఈ ఫలం రాదు. వేషం సాయంత్రానికి దిగిపోతుంది. అభ్యాసం జీవితమంతా వెంట ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. సంఘం మనుషులను కలపనూ గలదు, విడదీయనూ గలదు. కులం పేర, ప్రాంతం పేర పెద్దలు చీలితే యువత నేర్చేది ఆ చీలికనే. మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవారినీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టాడని చెప్పుకునే నేల మనది. కడలి దాటే బిడ్డకు ఆవకాయ జాడీతో పాటు ఆ చాపను కూడా చుట్టి ఇవ్వాలి.

అయితే మన ఇంట లేనిది బిడ్డకు మూటగట్టలేము కదా! పెద్దలు ఆచరించినదానినే లోకం అనుసరిస్తుందని గీతాచార్యుడు సెలవిచ్చాడు. కనుక మన రొంపిచెర్లలోను, చుట్టుపట్ల గ్రామాల్లోను ప్రతి ఆలయంలో ఒక బాధ్యతను యువతకు పూర్తిగా అప్పగించండి. అది శనివారపు భజన కావచ్చు, అన్నదానంలో వడ్డన కావచ్చు, ఉత్సవపు జమాఖర్చులు కావచ్చు. పొరపడితే దిద్దండి, పని మాత్రం వారి చేతినుండి లాగుకోకండి. ఏ కులపు బిడ్డనూ గడప బయట నిలపకండి. ఇక్కడ అందరికీ వడ్డించడం నేర్చిన చేయి ఏ దేశం వెళ్ళినా అందరికీ వడ్డిస్తుంది.

త్రికోటేశ్వరస్వామి మన బిడ్డలను ఎక్కడున్నా చల్లగా కాపాడుగాక!

స్వస్తి.